నోరు మూయని క్లాంప్ మీటర్: పేవర్ స్క్రీడ్ పనిలో చాలాకాలం వాడాక

వోల్టేజి ఎంతవరకు చూపిస్తుంది, ఓమ్స్ చూపిస్తుందా, బీప్ కొడుతుందా అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాసేదంతా దీని నోటి గురించే. క్లాంప్ మీటర్ అంటే వైరు కోయకుండా, దాని చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్. మామూలుదానికి నోరు మూసి ఉంటుంది. లివర్ నొక్కి తెరవాలి, వైరు చుట్టూ పట్టించాలి, పూర్తిగా మూసుకుందో లేదో చూసుకోవాలి. దీనికి ఆ తతంగం లేదు. ముందు భాగం రెండు కొమ్ముల్లా ఉంటుంది, మధ్యలో సందు. వైరును ఆ సందులోకి తోస్తే ఆంప్స్ కనిపిస్తాయి. ఫోర్క్ మీటర్ అంటారు. నేను దీన్ని వాడేది పేవర్ మీద, అంటే తారు, రాళ్ళ మిక్స్‌తో రోడ్డు వేసే మెషిన్ మీద. దాని వెనక మిక్స్‌ను చదునుగా పరిచే వేడి ప్లేటు భాగమే స్క్రీడ్. ఇంత చిన్న తేడాకి ఇంత ముచ్చటా అని అడిగేవాళ్ళు ఎలక్ట్రిక్ హీటింగ్ ఉన్న స్క్రీడ్ జంక్షన్ బాక్సు మూత ఎప్పుడూ విప్పి ఉండరు.

ఆ బాక్సులో చోటు ఉండదు. హీటర్ రాడ్ల వైర్లన్నీ ఒకే మూల నుంచి వచ్చి, ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ టెర్మినల్ స్ట్రిప్‌లోకి దిగుతాయి. పైన తారు పొగ, డీజిల్ వాసన, సన్నటి గుండ కలిసి నల్లగా పేరుకుని ఉంటుంది. ఆ వైర్లకి వేడిని తట్టుకునే తొడుగు ఉంటుంది కాబట్టి అవి లావుగా, బిరుసుగా ఉంటాయి, వేలితో జరిపితే అంత తేలిగ్గా జరగవు. అక్కడ మామూలు క్లాంప్ నోరు తెరవాలంటే పక్క వైరు అడ్డం, దాన్ని జరిపితే ఇంకో లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) మీద లాగుడు. కరెంటు పారుతున్న బాక్సులో అలా లాగడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఫోర్క్ మీటర్ కొమ్ములు సన్నగా ఉండటంతో, పైనుంచి నిలువుగా దించితే కావలసిన వైరు మాత్రమే సందులోకి వస్తుంది. ఒక చెయ్యి చాలు. రెండో చేత్తో టార్చి పట్టుకోవచ్చు, ఎందుకు పట్టుకోవాలో తరువాత చెబుతాను.

దీనిమీద నాకు నమ్మకం కుదిరింది ఒక రాత్రి పని దగ్గర. ట్రాఫిక్ ఒక వైపు ఆపి వేస్తున్న లేయర్. కుడివైపు ఎక్స్‌టెన్షన్ (స్క్రీడ్‌ను పక్కకి వెడల్పు చేసే భాగం) కింద, అడుగు వెడల్పున ఒక పట్టీ లాగినట్టు వస్తోంది. మిగతా మ్యాట్, అంటే పరిచిన పొర, అంతా బాగుంది, ఆ పట్టీలో మాత్రం గీరినట్టు, రాళ్ళు తేలినట్టు. రోలర్ తిరిగాక కూడా ఆ తేడా పోవడం లేదు. ఇలాంటప్పుడు ప్రతివాడికీ ఒక కారణం తోస్తుంది. సూపర్‌వైజర్ ఆగర్ (మిక్స్‌ను పక్కలకి నెట్టే మర) చివర మిక్స్ విడిపోతోందన్నాడు. ఆపరేటర్ ఎక్స్‌టెన్షన్ ఎత్తు సరిగా కలవలేదేమోనని దాన్ని కాస్త పైకీ కిందకీ ఆడించి చూశాడు. ఇంకొకరు స్క్రీడ్ అడుగున ఉండే బాటమ్ ప్లేట్ అరిగిపోయిందన్నారు. టిప్పర్‌లో మిక్స్ వేడి కొలిస్తే బాగానే ఉంది. ప్లాంటు మీద నింద అక్కడితో ఆగింది.

నాకు పట్టుబడిన విషయం ఒకటే. ఆ గీతలు ఎప్పుడూ ఉండటం లేదు. పని మొదలుపెట్టినప్పుడు ఉన్నాయి. తరువాత తగ్గాయి. టిప్పర్ రాక చాలాసేపు ఆగి మళ్ళీ కదిలినప్పుడు కొన్ని మీటర్లు మళ్ళీ వచ్చాయి. ప్లేటు అరిగి ఉంటే గీతలు ఆపకుండా రావాలి. ఆగర్ తప్పైతే ఆగినా కదిలినా రావాలి. ఆగినప్పుడు చల్లబడి, మిక్స్ కింద జారుతున్న కొద్దీ ఆ మిక్స్ వేడికే సర్దుకుంటున్నది ఏదో ఉంది, అది ప్లేటే. చల్లటి ప్లేటుకి తారు పట్టుకుంటుంది, పట్టుకున్నది రాయిని లాగుతుంది.

ఈ మాట అంటే ఆపరేటర్ ప్యానెల్ చూపించాడు. "అన్నా, అన్నీ గ్రీనే. టెంపరేచర్ కూడా వచ్చేసింది." నిజమే. కుడి ఎక్స్‌టెన్షన్ సెట్ చేసిన 120 డిగ్రీలకి చేరినట్టే చూపిస్తోంది. కానీ ఆ పచ్చ లైటు చెప్పేది సెన్సర్ ఉన్న చోటి కథ మాత్రమే. ఒక సెక్షన్‌లో రాడ్లు ఒకటికి మించి ఉంటాయి, సెన్సర్ ఒక్కటే. సెన్సర్‌కి దగ్గరగా ఉన్న రాడ్ బతికి ఉంటే అది తన చుట్టూ ఉన్న ఇనుమును వేడెక్కిస్తుంది. సెన్సర్ సంతృప్తి పడుతుంది, కంట్రోలర్ కరెంటు ఆపేస్తుంది. అవతలి రాడ్ చచ్చిపోయినా ప్యానెల్‌కి ఆ కబురు చేరదు. వేడెక్కడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఆ ఆలస్యాన్ని రాత్రి చలి మీద తోసెయ్యడం ఎవరికైనా సులువు.

తరువాతి టిప్పర్ ఆలస్యమని తెలిసి, మెషిన్ ఆపించాను. స్క్రీడ్ పైకెత్తి సేఫ్టీ పిన్నులు వేశాం. మిక్స్‌ను దట్టించే టాంపర్, వైబ్రేటర్ ఆపి, హీటింగ్ మాన్యువల్‌లో పెట్టాం. మాన్యువల్‌లో ఎందుకంటే, ఆటోలో ఉంటే ఆ క్షణానికి కంట్రోలరే ఆ సెక్షన్‌ని ఆపి ఉండొచ్చు. కొన్ని స్క్రీడ్లలో జనరేటర్ మీద భారం తగ్గించడానికి ఎడమ, కుడి సగాలకు వంతుల వారీగా కరెంటు ఇస్తారు. అది తెలియకుండా మీటర్ పెట్టి సున్నా చూసి, రాడ్ పోయిందని విప్పేసినవాళ్ళు ఉన్నారు. సున్నా కనిపిస్తే ముందు ఆ సమయంలో కరెంటు రావాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

మూత విప్పి ఫోర్క్ దించాను. 4.3. పక్కది 4.2. దాని పక్కది 4.3. నాలుగోది 0.0. మళ్ళీ తీసి, వైరు సందు లోపలి దాకా వెళ్ళిందో లేదో చూసి, మళ్ళీ పెట్టాను. 0.0. ఈ పని అంతా టార్చి వెలుగులో, ఒక్క వైరు కూడా కదపకుండా, హెల్పర్ గ్లౌజులు వేసుకుని నా వెనక నిలబడేలోపే అయిపోయింది. మామూలు క్లాంప్‌తో అయితే వైర్లు విడదీయడానికి జనరేటర్ ఆపాలి, విడదీశాక మళ్ళీ వెయ్యాలి, కొలవాలి, మళ్ళీ ఆపాలి. అక్కడ నేను ఈ మీటర్‌కి దణ్ణం పెట్టుకున్నాను.

లెక్క కూడా సరిపోయింది. రాడ్ 1000 వాట్లది, వోల్టేజి 230. భాగిస్తే నాలుగు ఆంపులకి కాస్త పైన, 4.35 దాకా రావాలి. రెసిస్టెన్స్ 53 ఓములు. మీ స్క్రీడ్‌లో రాడ్లు వేరే వాట్లవి కావచ్చు, లెక్క మాత్రం ఇదే. జనరేటర్ వోల్టేజి కాస్త తగ్గితే అన్ని రాడ్ల ఆంపులూ కలిసి తగ్గుతాయి, కాబట్టి అంకె కంటే పక్క రాడ్‌తో పోలికే ముఖ్యం. అయితే అన్నీ సమానంగా తక్కువ వస్తున్నాయంటే రాడ్లను వదిలి జనరేటర్ వైపు చూడాలి. వోల్టేజి 10 శాతం పడిపోతే వేడి 10 శాతమే తగ్గదు, 19 శాతం తగ్గుతుంది. ఇంజిన్ స్పీడు తక్కువ పెట్టి హీటింగ్ సరిపోవడం లేదనేవాళ్ళు ఇది ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇక ఆ నాలుగో రాడ్. జనరేటర్ ఆపి, మళ్ళీ ఎవరూ స్టార్ట్ చెయ్యకుండా తాళం తీసి జేబులో వేసుకుని, ఓమ్స్ చూశాను. టెర్మినల్ దగ్గర ఓపెన్, అంటే దారి ఎక్కడో తెగింది. కొత్త రాడ్ తెప్పించాల్సిందే అనుకునే చోటు ఇదే, చాలామంది ఆగేది కూడా ఇక్కడే. నేను రాడ్ తోక దగ్గరికి వెళ్ళి, అంటే రాడ్‌లోంచి వైరు బయటికి వచ్చే చోట చూశాను. 53. రాడ్ నిక్షేపంగా ఉంది. పోయింది రాడ్‌కీ బాక్సుకీ మధ్య వైరు. ఎప్పుడో ఎవరో దాన్ని మామూలు పీవీసీ వైరుతో అతికి, పైన టేపు చుట్టారు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు పనికొచ్చే సరుకు. దాన్ని తీసుకెళ్ళి 120 డిగ్రీల ప్లేటు పక్కన పెడితే ఏమవుతుందో అదే అయింది. తొడుగు గట్టిపడి, పెంకులా పగిలి, లోపల రాగి నల్లబడి, లగ్ దగ్గర పొడిగా రాలిపోయింది. పైన టేపు మాత్రం చెక్కుచెదరలేదు, కాబట్టి కంటికి ఏమీ కనిపించదు. టాంపర్ దడకి కొంచెం కొంచెంగా ఊగి చివరికి తెగినట్టుంది.

రాత్రికి రాత్రి అక్కడే సిలికాన్ తొడుగు వైరు వేసి, నికెల్ పూత ఉన్న లగ్ క్రింప్ చేశాం. తగరం పూత ఉన్న మామూలు రాగి లగ్ ఆ వేడికి త్వరగా నల్లబడి, రెసిస్టెన్స్ పెరిగి, తనకు తానే కాలిపోతుంది. సిలికాన్ తొడుగు కూడా 180 డిగ్రీల వరకే, రాడ్‌కి మరీ ఆనుకుని వెళ్ళే చోట గ్లాస్ ఫైబర్ అల్లిక ఉన్న వైరే మంచిది. ఆ వైరు నా పెట్టెలో ఎప్పుడూ ఒక చుట్ట ఉంటుంది. టేపు అక్కడ ఏ రకమైనా వద్దు. తరువాత హీటింగ్ వేస్తే నాలుగో రాడ్ 4.3. మళ్ళీ టిప్పర్ వచ్చాక ఆ పట్టీ కనిపించలేదు. ఆపరేటర్ ప్యానెల్ వైపు చూసి ఏమీ అనలేదు. ప్యానెల్‌లో ఏమీ మారలేదు మరి, అప్పుడూ గ్రీనే, ఇప్పుడూ గ్రీనే.

ఆ తరువాత చేసిన ఒక పని మీరూ చెయ్యండి. స్క్రీడ్ మంచిగా ఉన్న రోజున, చల్లగా మొదలుపెట్టినప్పుడు, ఒక్కో రాడ్ ఆంపులు కొలిచి బాక్సు మూత లోపలివైపు పెయింట్ మార్కర్‌తో రాసి పెట్టండి. వైర్ల నంబర్లు కూడా. న్యూట్రల్ ఉన్న స్టార్ కనెక్షన్ (రాడ్లు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య) అయితే న్యూట్రల్ వైరు కరెంటు కూడా రాయండి. మూడు ఫేజుల మీద రాడ్లు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండదు, ఒక రాడ్ పోతే అక్కడ కరెంటు కనిపిస్తుంది. ఒక్క వైరు చూస్తే మొత్తం సెక్షన్ సంగతి తెలుస్తుంది. డెల్టా (రాడ్లు ఫేజుకీ ఫేజుకీ మధ్య) అయితే కథ వేరు. ఒక ఫేజు రాడ్ తెగితే రెండు లైన్లలో కరెంటు మామూలు కంటే 58 శాతానికి పడిపోతుంది, మూడో లైన్ అలాగే ఉంటుంది. ఆ రెండు లైన్ల మధ్య ఉన్నదే పోయిన రాడ్.

మొదట్లో ఈ మీటర్‌ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కొనమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆగి చెబుతున్నాను.

నోరు తెరిచి ఉండటమే దీని గొప్ప, అదే దీని లోపం కూడా. వైరు సందులో సగం దాకానే వెళ్తే అంకె తక్కువ చూపిస్తుంది. కొమ్ముల మీద ఉన్న గుర్తుల మధ్యకి తెచ్చి, వైరు నిటారుగా ఉండేలా పట్టుకోవాలి. పక్కనే ఎక్కువ కరెంటు మోస్తున్న వైరు ఆనుకుని ఉంటే దాని ప్రభావమూ కొంచెం అంకెలో కలుస్తుంది. మూసుకునే నోరు ఉన్న క్లాంప్‌లో ఈ బాధ చాలా తక్కువ. రాడ్ బతికిందా చచ్చిందా తేల్చడానికి ఈ తేడాలతో పనిలేదు. కానీ 4.3కి బదులు 3.8 వచ్చిందంటే రాడ్ బలహీనపడిందని వెంటనే అనేయకండి. మూడు సార్లు, మూడు రకాలుగా పట్టుకుని చూడండి.

ఆ సందులో పట్టే వైరుకి కూడా హద్దుంది. జనరేటర్ నుంచి వచ్చే ప్రధాన కేబుల్ లావు దీనికి మించిపోతుంది. అక్కడ పాత క్లాంపే గతి. ఇక నాలుగు కోర్లూ కలిసి ఉన్న కేబుల్ మీద ఏ క్లాంప్ పెట్టినా సున్నానే వస్తుంది, వెళ్ళే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఒంటి వైరు మీదే పెట్టాలి. ఇది తెలిసిన సంగతే అయినా, కొత్తగా చేరిన కుర్రాళ్ళు ప్రతివాడూ ఒకసారి కేబుల్ మొత్తం మీద పెట్టి "అన్నా, కరెంటే రావట్లేదు" అంటాడు.

అసలు దెబ్బ వానల తరువాత తెలిసింది. మెషిన్ కొన్నాళ్ళు ఆరుబయట ఆగిపోయింది. మళ్ళీ హీటింగ్ వెయ్యగానే ఎర్త్ ఫాల్ట్ అని ట్రిప్. రాడ్ల లోపల కాయిల్ చుట్టూ ఉండే తెల్లటి పొడి మెగ్నీషియం ఆక్సైడ్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చివర్లలో సీల్ బలహీనపడితే ఉప్పు చెమ్మగిల్లినట్టు చెమ్మగిల్లి, ఇన్సులేషన్ పడిపోతుంది. ఇక్కడ ఫోర్క్ మీటర్ ఏమీ చెయ్యలేదు. లీకేజి మిల్లీ ఆంపుల్లో ఉంటుంది, ఇది చూపించే అతి చిన్న మెట్టు 0.1 ఆంపు. ఓమ్స్ పెట్టి చూసినా రాడ్ బాగానే ఉందంటుంది, దాని బ్యాటరీ వోల్టేజికి ఆ లీకు బయటపడదు. 500 వోల్టులతో ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ కావాలి. మెగ్గర్ వేసేముందు కంట్రోలర్ వైపు వైర్లు విప్పాలి, లేకపోతే రాడ్ సంగతి తేలకముందే ఎలక్ట్రానిక్స్ పోతాయి. ఒక్కో రాడ్ విడిగా చూసి, తేమ ఉన్నవాటిని పక్కన పెట్టి, మిగతావాటితో ప్లేటు వేడెక్కిస్తే ఆ వేడికే తడి రాడ్లు చాలావరకు ఆరిపోయి మళ్ళీ లైన్‌లోకి వచ్చాయి. రానిది మార్చాం. ఆ రోజంతా ఫోర్క్ మీటర్ పెట్టెలోంచి బయటికి రాలేదు.

డీసీ ఆంప్స్ ఇది చూపించదు. పేవర్‌లో సగం విద్యుత్ పని 24 వోల్టుల డీసీయే. స్క్రీడ్ ఎత్తు సర్దే టో పాయింట్ సిలిండర్ల వాల్వులు, ఆగర్, కన్వేయర్ వాల్వులు, సోనిక్ సెన్సర్, స్లోప్ సెన్సర్ అన్నీ ఆ వైపే. ప్రపోర్షనల్ వాల్వ్ కాయిల్‌కి ఎంత కరెంటు వెళ్తోందో చూడాలంటే దీని కొమ్ములు అలంకారమే. కాయిల్ ఓమ్స్ చూడొచ్చు, వోల్టేజి వచ్చిందో లేదో చూడొచ్చు, అంతవరకే. డీసీ కూడా కొలిచే ఫోర్క్ మీటర్లు ఉన్నాయి, కొనేముందు ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోండి.

ఇంకా నా కోపం వెలుగు మీద. నా దగ్గరున్నదానికి స్క్రీన్ వెనక లైటు లేదు. తారు పని ఎక్కువగా రాత్రిపూటే పడుతుంది, అలాంటిది మీటర్‌కి లైటు పెట్టని కంపెనీకి ఏం చెప్పాలి? ఒక చేత్తో కొలవొచ్చని పొగిడాను కదా, ఆ మిగిలిన చెయ్యి టార్చికే సరిపోతుంది. తలకి కట్టుకునే లైటు వాడితే స్క్రీన్ గాజు మీద మెరుపు పడి అంకె కనిపించదు, కాస్త పక్కకి వంచాలి. ప్రోబ్ వైర్లు వేడికీ డీజిల్‌కీ బిరుసెక్కాయి, మార్చాను. మీటర్ ఒళ్ళు డీజిల్ గుడ్డతో తుడవకండి, ప్లాస్టిక్ తెల్లబడుతుంది. ప్లాట్‌ఫాం మీంచి పడినా బతికింది.

ప్లేటు వేడి చూడ్డానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉండగా ఇదంతా దేనికని అడుగుతారు. గన్ నాకూ ఉంది. మిక్స్ మీద బాగా పనిచేస్తుంది. కానీ వాడి వాడి అద్దంలా మెరిసే బాటమ్ ప్లేటు మీద కొడితే ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది, మెరిసే ఇనుము తన వేడిని సరిగా వెదజల్లదు మరి. మసి పూసిన చోటో, నల్లటి హై టెంపరేచర్ పెయింట్ వేసిన చోటో కొడితే నమ్మొచ్చు. గన్‌తో ప్లేటులో చల్లటి చోటు ఎక్కడుందో తెలుస్తుంది, ఫోర్క్‌తో ఎందుకు చల్లగా ఉందో తెలుస్తుంది. రెండింటిలో ఒకటే ఉంచుకోమంటే నేను ఫోర్క్ ఉంచుకుంటాను, కానీ అది నా పని ఎక్కువగా ఎలక్ట్రిక్ స్క్రీడ్ల మీద కాబట్టి.

మీ పేవర్‌ది గ్యాస్ బర్నరో డీజిల్ బర్నరో అయితే ఈ మీటర్ మీకు దండగ, ఆ డబ్బు మంచి హైడ్రాలిక్ ప్రెషర్ గేజ్ సెట్‌కి పెట్టండి. రాడ్ల వైర్లు సీల్ చేసిన ప్లగ్గుల్లో దాగి, బాక్సులో ఒంటి వైరు చేతికి అందని డిజైన్లు కూడా ఉన్నాయి, అక్కడ ఈ కొమ్ములకి దూరే చోటే ఉండదు. వర్క్‌షాప్‌లో తీరిగ్గా, స్క్రీడ్ విప్పి పని చేసేవాళ్ళకి ఏసీ, డీసీ రెండూ ఉన్న మామూలు క్లాంప్ ఎక్కువ ఉపయోగం. సైటులో, టిప్పర్లు లైన్లో ఉండగా, మూత విప్పి నిమిషాల్లో తేల్చాల్సినవాళ్ళు మాత్రం దీన్ని ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి. కొనేటప్పుడు మీ జంక్షన్ బాక్సులోంచి ఒక వైరు ముక్క వెంట తీసుకెళ్ళండి. ఆ సందులో అది అడుగుదాకా దిగకపోతే వదిలేసి వచ్చెయ్యండి.